కథ ఆగిన చోట

తమిళనాడులో ధర్మపురి నుంచి సేలం వెళ్లే దారిలో అదియమాన్‌కోట్టై వస్తుంది. ధర్మపురి పాతపేరు తగడూరు. సంగం కాలంలో దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి, ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యార్‌కి ఇచ్చేశాడు. ఆ దానాన్ని ఆమె పాడిన పద్యం పురనానూరులో ఉంది. తర్వాత చేరరాజు పెరుంజేరల్ ఇరుంపొఱై దండెత్తి తగడూరును కూల్చాడు. ఆ యుద్ధం మీద ‘తగడూర్ యాత్తిరై’ అని ఒక కావ్యమే వచ్చింది. దానిలో ఇప్పుడు మిగిలినవి విడి పద్యాలే. మిగతాదంతా పోయింది.

నన్నయ భారతంలో ఖాళీని పూరించిన ఎర్రన లాంటివాడు ఆ తెగిన కథను అందుకోవడానికి రాలేదే అని తెలుగు పాఠకుడికి అనిపించడం సహజం. అయితే, అందుకున్న ప్రతి చెయ్యీ ఎర్రన చెయ్యి కాదు.

స్పానిష్ రచయిత సెర్వాంటెస్ నవల ‘డాన్ కిహోటే’ మొదటి భాగం 1605లో మాడ్రిడ్‌లో అచ్చయింది. రెండో భాగం ఇంకా రాస్తుండగానే, 1614లో, అవెల్యనేదా అనే మారుపేరుతో ఎవరో కొనసాగింపు వేసేశారు. కథానాయకుణ్ణి ఎత్తుకుపోవడంతో ఊరుకోలేదు. సెర్వాంటెస్ ముసలివాడని, చెయ్యి పనికిరానివాడని ముందుమాటలో ఎగతాళి చేశారు. ఆ ఎడమచెయ్యి 1571 నాటి లెపాంటో నౌకాయుద్ధంలో దెబ్బతిన్నది!

1615లో వచ్చిన అసలు రెండో భాగాన్ని ఈ సంగతి తెలిసి చదివితే రుచే వేరు. అందులో డ్యూకు, డచ్చెస్ ముందే మొదటి భాగం చదివేసి ఉంటారు. కిహోటే ఎదురుపడగానే గుర్తుపడతారు. 59వ అధ్యాయంలో, ఒక సత్రంలో, పక్కగదిలోని పెద్దమనుషులు దొంగ పుస్తకం చదువుకోవడం కిహోటే చెవిన పడుతుంది. తాను ఆరాధించే దుల్సినేయాను మరిచిపోయినట్టు అందులో రాశారని తెలిసి మండిపడతాడు. ఆ పుస్తకం తనను సరగోసాకు పంపిందట. అందుకే అక్కడికి వెళ్లడం మానేసి బార్సెలోనా దారి పడతాడు. ఇంకా ముందుకెళ్తే, దొంగ పుస్తకంలోని పాత్ర డాన్ అల్వారో తార్ఫే ఇతనికి ఎదురవుతాడు. తాను ఎరిగిన కిహోటే ఈయన కాదని ఊరి అధికారి ముందు వాంగ్మూలం ఇస్తాడు. గాయపడ్డ రచయిత ఇంత అందంగా జవాబు చెప్పిన సందర్భాలు సాహిత్యంలో అరుదు. చివర్లో సెర్వాంటెస్ కిహోటేకు మతి కుదిర్చి, మంచం మీద ప్రాణం విడిచేలా చేశాడు. ఇక ఎవరూ అతణ్ణి మళ్లీ గుర్రం ఎక్కించకూడదని. మరుసటి ఏడు ఏప్రిల్‌లో తానూ వెళ్లిపోయాడు.

ఆంధ్ర మహాభారతంలో నడిచింది ఇంకో తీరు. పదకొండో శతాబ్దంలో నన్నయ రచన అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు కానీ, ఆ ఖాళీని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కీడన్న నమ్మకమే కారణమంటారు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు. ఆయన్ని ఆదరించిన ప్రభువు అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. అయినా ఈ భాగాన్ని నన్నయను భారతం రాయమన్న రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. ఆ రాజు పోయి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. అవెల్యనేదా ఎదుటివాడి కీర్తిని వాడుకుంటే, ఎర్రన తన కీర్తినే ఎదుటివాడికి వదిలేశాడు.

అతుకు ఎక్కడుందో వెతుక్కుని చదవాలి. నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. నక్షత్రాలు, వెన్నెల. అక్కడ ఆయన గంటం ఆగింది. ఎర్రన మొదటి పద్యం అదే శరత్తులో సూర్యోదయంతో మొదలవుతుంది.