ట్రాన్స్‌జెండర్ ఖైదీలు: రికార్డులో ఏమి రాయాలి, ఎవరు చూడాలి?

సూరత్ సమీపంలోని లాజ్‌పోర్ కేంద్ర కారాగారమైనా, హైదరాబాద్‌లోని చంచల్‌గూడ జైలైనా, కొత్త ఖైదీ వివరాలు ముందుగా ప్రవేశ రిజిస్టరులోకి ఎక్కుతాయి. అందులో లింగానికి కేటాయించిన గడి చిన్నదే. అయినా ఖైదీని ఏ బ్యారక్‌లో ఉంచాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్నవి దానిని బట్టే నిర్ణయమవుతాయి. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి తరలివెళ్లిన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. అటువంటి వలస కుటుంబానికి చెందిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి జైలుకు చేరితే పుట్టిన ఊరి పత్రాలలో ఒక పేరు, కోర్టు వారెంటులో మరొకటి ఉండే అవకాశం ఎక్కువ.

లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో తీర్పు చెప్పింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం గుర్తింపు ధ్రువపత్రం ఇచ్చే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు అప్పగించింది. వైద్య పరీక్ష లేకుండా, ప్రమాణపత్రం ఆధారంగానే దానిని ఇవ్వాలని 2020 నిబంధనలు పేర్కొన్నాయి. పురుషుడు లేదా స్త్రీ అని సవరించిన పత్రం కావాలంటే మాత్రం శస్త్రచికిత్స జరిగినట్లు ఆధారం చూపాలని ఆ చట్టం నిర్దేశించింది. కారాగారంలో ఉన్నవారికి ఈ రెండో మెట్టు దాదాపు అందనిదే.

కేంద్ర హోంశాఖ 2022 జనవరి 10న రాష్ట్రాలకు సూచనలు పంపింది. ప్రవేశ రిజిస్టరులోనూ, ఎలక్ట్రానిక్ రికార్డుల్లోనూ ట్రాన్స్‌జెండర్ అనే విభాగం చేర్చాలని, ఖైదీ స్వయంగా ప్రకటించిన గుర్తింపును గౌరవించాలని, ధ్రువపత్రం కోరితే దరఖాస్తుకు తోడ్పడాలని చెప్పింది. తనిఖీ ఖైదీ కోరిన లింగానికి చెందినవారు గానీ, శిక్షణ పొందిన వైద్య సిబ్బంది గానీ చాటుగా జరపాలి. ప్రత్యేక వసతి కల్పించాలి, కానీ అది ఏకాంత నిర్బంధంగా మారకూడదు. అయితే కారాగారాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. జైలు మాన్యువల్‌లో చేరనంత వరకు ఇవి సూచనలే.

నిజానికి ఈ ఖైదీల లెక్కే చాలాకాలం లేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వార్షిక నివేదికలు పురుషులు, స్త్రీలు అనే రెండు వర్గాలతోనే సరిపెట్టేవి. ఢిల్లీ హైకోర్టులో దాఖలైన వ్యాజ్యం తరువాత 2020 సంవత్సరపు నివేదికలో మూడో వర్గం వచ్చింది. దేశంలోని 4,88,511 మంది ఖైదీలలో 70 మంది ట్రాన్స్‌జెండర్లని తేలింది. లెక్క లేకపోతే వసతి లేదు, నిధులూ లేవు. కానీ ఇంత చిన్న సంఖ్యను జైళ్లవారీగా విడదీస్తే ఏదో ఒక జైలు ఎదుట ‘1’ అని పడుతుంది. ఆ అంకె ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది.

నమోదు పట్ల ఈ వర్గానికి ఉన్న భయం ఊరికే పుట్టింది కాదు. నిజాం పాలనలో 1329 ఫసలీ, అంటే 1919 నాటి నపుంసకుల చట్టం హైదరాబాద్‌లో వారి పేర్లు, చిరునామాలతో రిజిస్టరు నిర్వహించమంది. బాలురను ఎత్తుకెళతారన్న అనుమానం అందుకు సాకు. స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నిజాములు పోయినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం మాత్రం శాసన గ్రంథంలో మిగిలింది. 2018లో దాఖలైన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో, సమానత్వానికి, గోప్యతకు, గౌరవానికి విరుద్ధమంటూ దానిని కొట్టివేసింది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే ప్రకటించింది. అయినా 2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం ప్రకారం అరెస్టయినవారి, ఖైదీల వేలిముద్రలు, కనుపాప ముద్రలు వంటివి 75 ఏళ్లు భద్రపరచవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేర నివారణ, దర్యాప్తు అవసరాలకు విస్తృత మినహాయింపులిచ్చింది.

2019 చట్టం కింద పొందిన ధ్రువపత్రానికి అనుగుణంగానే అధికారిక పత్రాలన్నిటిలో లింగం నమోదు కావాలి. వారెంటులోనో, జైలు రికార్డులోనో తప్పుగా పడిన వివరాన్ని సరిచేయించుకోదలచినవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. నిర్బంధంలో ఉన్నవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆ సహాయం ఉచితం.