పారదర్శకపు పొర: ఒకరికి లోపము, మరొకరికి వరము

పత్తిని ఎంతసేపు ఉడికించినా నీటిలో కరగదు. మనము ప్రతిదినము బట్టలు ఉతికి ఆరవేసుకొనగలుగుతున్నామంటే, పత్తిలోని సెల్యులోజునకు ఉన్న ఈ గుణమే కారణము. అట్టి సెల్యులోజును ఉపాయముతో కరిగించి, మరల ఘనరూపమునకు తెచ్చినప్పుడు గాజువంటి పలుచని పొర లభిస్తుంది. దీనినే సెల్లోఫేను అంటారు. ఈ పొర నీటిని తనగుండా పోనిస్తుంది. ఒక రసాయనజ్ఞుడు దీనిని లోపముగా ఎంచి పోగొట్టడానికి శ్రమించినాడు. ఒక వైద్యుడు ఈ గుణముతోనే ప్రాణము నిలిపినాడు.

సెల్యులోజును కరిగించే ఈ విధానమును 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్, బీడిల్ అను ముగ్గురు రసాయనజ్ఞులు కనుగొన్నారు. దూదినిగాని కొయ్యగుజ్జునుగాని కాస్టిక్ సోడా ద్రావణములో నానవేసి, పిండి, తునకలు చేసి, కార్బన్ డైసల్ఫైడుతో కలిపితే నారింజరంగు పదార్థమేర్పడుతుంది. దీనిని పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే తేనెవలె చిక్కని ద్రవము వస్తుంది. ఇదే విస్కోసు. దీనిని సన్నని రంధ్రాలగుండా ఆమ్లములోనికి వదిలితే రేయాన్ దారమవుతుంది; పొడవైన సన్నని చీలికగుండా వదిలితే పొర అవుతుంది. ఆమ్లము తగలగానే సెల్యులోజు తిరిగి ఘనీభవించడమే ఇందలి సూత్రము. ఆ పొరను కడిగి, అందు మిగిలిన గంధకమును తొలగించి, తెలుపుచేసి, గ్లిసరిను పట్టించి ఆరబెడతారు. గ్లిసరిను లేనిచో పొర పెళుసుబారి చిట్లిపోతుంది. ఈ పరిశ్రమకు ఒక చీకటి వైపు కూడా ఉన్నది. కార్బన్ డైసల్ఫైడు ఆవిరి నరములకు హాని చేస్తుంది. దానివలన ఎందరో కార్మికులు వ్యాధిగ్రస్తులైనారు.

పొరను తయారుచేసిన ఘనత స్విట్జర్లండుకు చెందిన జాక్ బ్రాండెన్‌బర్గరుది. 1900 ప్రాంతమున ఒక భోజనశాలలో బల్లపై పరచిన గుడ్డమీద ద్రాక్షసారాయి ఒలికినదట. మరక అంటని గుడ్డను తయారుచేయవలెనని ఆయనకు తోచినది. గుడ్డకు విస్కోసు పూసి చూచినాడు. గుడ్డ బిరుసెక్కి పనికిరాకపోయినది. కాని పైపూత పారదర్శకమైన పొరగా ఊడి వచ్చినది. ఆయన గుడ్డను విడిచి పొరను పట్టుకొన్నాడు. 1908 నాటికి పొరను తీసే యంత్రమును, 1912 నాటికి వస్తువులను చుట్టదగిన పలుచని పొరను సిద్ధము చేసినాడు. సెల్యులోజు అను మాటకు, ఫ్రెంచిలో పారదర్శకమను అర్థముగల ‘డయాఫేన్’ అను మాటను చేర్చి ‘సెల్లోఫేను’ అని పేరు పెట్టినాడు.

అమెరికాలో డ్యూపాంటు కంపెనీ 1924లో దీని ఉత్పత్తి ఆరంభించినది. అప్పుడే చిక్కు బయటపడినది. ఈ పొర నీటిబొట్టును ఆపినా, నీటి ఆవిరిని ఆపదు. చుట్టిన మిఠాయిలు చెమ్మగిల్లి అంటుకొన్నవి; పొగచుట్టలు ఎండిపోయినవి; కత్తులు తుప్పుపట్టినవి. విలియం హేల్ చార్చ్ అను రసాయనజ్ఞుడు ఈ సమస్యను చేపట్టి, రెండువేలకు పైగా పూతలను పరీక్షించినాడని చెబుతారు. ఇట్టి పరీక్షకు సులభమైన పద్ధతి ఒకటున్నది. గిన్నెలో కొంత నీరు పోసి, మూతిని పొరతో బిగించి, ప్రతిదినము తూచవలెను. తగ్గిన బరువే పొరగుండా పోయిన ఆవిరి. 1927లో చార్చ్ నైట్రోసెల్యులోజు, మైనము మొదలైనవి కలిపిన అతి పలుచని పూతతో ఆవిరిని అడ్డగించినాడు. ఆహారపదార్థాలను చుట్టడానికి సెల్లోఫేను ఆపైననే విరివిగా వాడుకలోనికి వచ్చినది.

ఇక రెండవ కథ నెదర్లండ్సులో జరిగినది. 1938లో గ్రోనింగెన్ ఆసుపత్రిలో మూత్రపిండాలు చెడిన యువకుడొకడు, విలెం కోల్ఫ్ అను యువవైద్యుని కన్నులెదుట మరణించినాడు. రక్తములో పేరుకొన్న యూరియాను బయటికి తీయగలిగితే బ్రతికేవాడు గదా అని కోల్ఫ్ యోచించినాడు. మాంసపు సాసేజులకు తొడుగుగా వాడే పూతలేని సెల్లోఫేను గొట్టములో రక్తమును, కొంత యూరియాను పోసి, ఉప్పునీటిలో ఆడించి చూచినాడు. కొద్ది నిమిషాలలోనే యూరియాలో చాలభాగము బయటి నీటిలోనికి పోయినది. రక్తకణాలు, ప్రోటీనులు పెద్దవి గనుక లోపలనే నిలిచినవి.

దేశము జర్మనుల ఆక్రమణలో ఉండగా, కాంపెన్ పట్టణములో 1943లో కోల్ఫ్ తన యంత్రమును రోగులపై ఉపయోగించసాగినాడు. పీపావంటి చట్రముచుట్టూ పొడవైన గొట్టమును చుట్టి, ఉప్పునీటి తొట్టెలో త్రిప్పేవాడు. మొదటి రోగులలో దాదాపు అందరును మరణించినారు. ఆయన విడువలేదు. 1945 సెప్టెంబరులో సోఫియా షాఫ్‌స్టాట్ అను 67 ఏండ్ల స్త్రీ స్పృహలేని స్థితిలో వచ్చినది. చికిత్స పొంది మేలుకొని, మరికొన్ని ఏండ్లు జీవించినది. నేటి డయాలసిస్ యంత్రాలలో వెంట్రుకలవంటి సన్నని కృత్రిమ గొట్టాలున్నవి. సూత్రము మాత్రము అదే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ప్రయోగశాలలో దొరికే సెల్యులోజు డయాలసిస్ గొట్టములో గంజిని, గ్లూకోజును కలిపి పోసి, రెండు కొనలు గట్టిగా కట్టి, పైభాగమును కడిగి, నీటిలో ఉంచవలెను. గంట తరువాత బయటి నీటిలో కొంత తీసి అయొడిను వేస్తే నీలిరంగు రాదు. మరికొంత తీసి బెనిడిక్టు ద్రావణముతో వేడిచేస్తే గ్లూకోజు ఉన్నట్లు తెలుస్తుంది. మిఠాయిని పాడుచేసిన గుణము రోగిని ఎట్లు కాపాడినదో విద్యార్థి అప్పుడు కంటితో చూడగలడు.