కామునిపున్నమి: గోదావరి ఒడ్డున మన ప్రేమ పండుగ

ఆగస్టులో రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ‘చైనా వాలెంటైన్స్ డే’ అని ఒక వీడియో ఎట్లయినా కనిపిస్తది. దాని అసలు పేరు చీషీ. వాళ్ల చాంద్రమానంలో ఏడో నెల ఏడో రోజు. మన లెక్కలో ఎక్కువసార్లు శ్రావణంలో, నాగుల పంచమి అయిన ఒకట్రెండు రోజులకు పడుతది. ఇట్లాంటి పండుగ మనకు లేదా అంటే, ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దాన్ని కామునిపున్నమి అంటరు. హోలీ అని పిలుసుకుంటూ అందులో ఉన్న కాముణ్ని మర్చిపోయినం, అంతే.

ముందు చైనా కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆకాశంలో బట్ట నేసే అమ్మాయి, భూమ్మీద పశువులు కాసే అబ్బాయి. ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకుంటే పైవాళ్లకు నచ్చలేదు, మధ్యలో పాలపుంతను నదిలాగా అడ్డం పెట్టినరు. ఏడాదికి ఒక్క రాత్రి పక్షులన్నీ కలిసి వంతెన కడితే ఇద్దరూ కలుస్తరు. ఆ అమ్మాయి వేగా నక్షత్రం, మన పంచాంగంలో అభిజిత్తు. అబ్బాయి ఆల్టెయిర్, అంటే మన శ్రవణం. సిరిసిల్లలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినోళ్లకు ఆ అమ్మాయి పరాయిది అనిపించదు. ఆ రాత్రి ఆడపిల్లలు వెన్నెల వెలుగులో సూదిలో దారం ఎక్కించేవాళ్లు. పెట్టెలో సాలీడును పెట్టి, గూడు ఎంత చక్కగా అల్లిందో పొద్దున చూసుకునేవాళ్లు. మంచి చేతిపని రావాలని మొక్కుకునే పండుగ అది. గులాబీలు, చాక్లెట్లు ఈ మధ్య వచ్చిన ముచ్చట.

హాన్ రాజుల కాలం నాటి పాత పద్యాలు పంతొమ్మిది ఒక గుత్తిగా మిగిలినయి. రాసినోళ్ల పేర్లు తెల్వవు. అందులో ఒకటి ఈ జంట గురించే. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే ఇక్కడ మన గోదావరి పొడుగూతా శాతవాహనులు ఏలుతున్నరు.

జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో కోటిలింగాల ఉంది కదా, పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. నిన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లానే. 1980ల మొదట్లో అక్కడ తవ్వకాలు జరిగినయి. మొదటి శాతవాహన రాజుగా చెప్పే చిముకుడి నాణేలు ఆ ఊళ్లో దొరికినయి. తర్వాత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లొచ్చి చాలా నేల మునిగింది.

ఆ వంశంలో హాలుడు అనే రాజు పేరు మీద ‘గాథాసప్తశతి’ ఉంది. ప్రాకృతంలో ఏడు వందల చిన్న చిన్న పద్యాలు. ఒక్కోటి రెండు పాదాలే, ఇప్పటి స్టేటస్ అంత. హాలుడిది ఒకటో శతాబ్దం అని చెప్తరు గానీ, తర్వాత కాలాల్లో కూడా పద్యాలు చేరుతూ వచ్చినయని పండితుల మాట. ఇవన్నీ కరీంనగర్‌లోనే పుట్టినయని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను మాత్రం నమ్మకండి. శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానం, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠణ్. అదీ గోదావరి ఒడ్డే, మనకు ఎగువన. అయితే ఆ పద్యాల్లో తెలుగు పదాలు చాలా ఉన్నయని తిరుమల రామచంద్ర గారు ఒక పుస్తకమే రాసినరు. శ్రీనాథుడు కుర్రతనంలో దీన్ని తెలుగు చేసిండంటరు, ఆ పుస్తకం మనకు దక్కలేదు.

ఆ పద్యాల్లో రాజులు, యుద్ధాలు తక్కువ. రైతు కోడలు, ఊరుపెద్ద బిడ్డ, దూరం పోయిన మొగుడు, పత్తిచేనులో కలుసుకునే జంట, గోదావరి రెల్లుపొదలు. ఆదిలాబాద్ పత్తిచేన్లు చూసినోళ్లకు ఆ సీను వేరే చెప్పాల్నా? ఎక్కువ పద్యాల్లో మాట్లాడేది ఆడమనిషి. అత్తకు వినపడేటట్టు ఒకటి అంటది, దాని అర్థం పక్కనున్న ప్రియుడికి వేరేగా చేరుతది. ఇక ఫాల్గుణ పండుగ మీద కూడా పద్యాలున్నయి. బురద, రంగుపొడి చల్లుకోవడం, ఆ సందులో ఎవరు ఎవరిమీద చల్లిండ్రో ఊరంతా కనిపెట్టడం. అంటే రంగులాట బయటి నుంచి నిన్నగాక మొన్న దిగింది కాదు.

ఇప్పుడు కాముడి దగ్గరకు వద్దాం. తపస్సులో ఉన్న శివుడి మీద మన్మథుడు పూలబాణం వేసిండు, శివుడు మూడో కన్ను తెరిస్తే బూడిదైండు. రతీదేవి ఏడిస్తే ప్రాణం తిరిగొచ్చింది గానీ, ఒళ్లు రాలేదు. చైనా కథలో జంటను నది విడదీస్తే, మన కథలో మంట విడదీసింది. పున్నమికి తొమ్మిది రోజుల ముందు నుంచే పిల్లలు కోలలు పట్టుకొని ఇంటింటికీ జాజిరి పాడుకుంటూ తిరుగుతరు. ఇచ్చినోళ్లు పైసలు, గింజలు ఇస్తరు. ఇయ్యనోళ్ల పెరట్లో కట్టెలు, పిడకలు మాయం. ఆడోళ్లు వెన్నెల్లో గుండ్రంగా తిరుగుతూ కాముని పాటలు పాడేవాళ్లు. రాత్రి కాముణ్ని కాలుస్తరు, తెల్లారి మోదుగుపూలు ఉడికించిన రంగు. పిల్లల మెడలో చక్కెర పేర్లు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో ఇదే పున్నమికి దురాడి చేస్తరు. రెండు వెదురు బొంగులను ఆడ, మగ జంటగా నిలబెట్టి కాలుస్తరు. పిల్లా పిలగాడు ఒకరినొకరు చూసుకునేది మాత్రం దీపావళి అప్పుడు, దండారిలో. నెమలీకల టోపీల గుస్సాడీలతో ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి చుట్టరికం పోతది, సంబంధాలు అక్కడ కలుస్తయి. 1940లలో హైమెండార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల పండుగలన్నీ రాసిపెట్టిండు గాబట్టి వాటి వివరం మనకుంది. కాముని పాటలకు అంత కొలువు ఎవరూ చేయలేదు.

ఎందుకు చేయలేదంటే సిగ్గు. ఆ పాటల్లో బావామరదళ్ల సరసం ఉంటది, మొగుడి మీద ఎత్తిపొడుపు ఉంటది, కొన్ని పచ్చిగానే ఉంటయి. చదువుకున్న ఇళ్లల్లో ‘అవి పాడొద్దు’ అన్నరు, తర్వాత డీజే వచ్చింది. నిజం చెప్పాలంటే తాగి ఆడపిల్లల మీద పడే మగోళ్ల తిట్ల పాటలు పోతే పోయినయి, నాకేం బాధ లేదు. కానీ వాటితో పాటు ఆడోళ్లు ఆడోళ్ల మధ్య పాడుకున్నవి కూడా పోతున్నయి. గాథల్లో ఉంటే కావ్యం అంటున్నం, అమ్మమ్మ నోట్ల ఉంటే బూతు అంటున్నం. చైనావాళ్లు 2006లోనే చీషీని తమ జాతీయ వారసత్వ జాబితాలో పెట్టుకున్నరు.

మీ చేతిలో ఫోన్ ఉంది. ఫాల్గుణ పున్నమికి ఊరికి పోయినప్పుడు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో కూసోండి, ఆమెకు చెప్పి, సరేనంటేనే రికార్డర్ ఆన్ చేయండి. మగోళ్లను బయటికి పంపితే ఇంకా బాగా పాడతరు. పాట ముందు ఊరి పేరు, ఆమె పేరు చెప్పించండి. గాథాసప్తశతిలో రేవ, మాధవి, అనులక్ష్మి అని కవయిత్రుల పేర్లు ఇప్పటికీ పద్యాల పక్కన ఉన్నయి.