మంచం కింద శంకరశాస్త్రి

జె.వి. సోమయాజులు అనగానే మన బుర్రలో ఒకటే బొమ్మ: భుజాన ఉత్తరీయం, నుదుట విభూతి, ఎవరి ముందూ వంగని మెడ. 1980లో 'శంకరాభరణం' వచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి. ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. దాంతో, కె. విశ్వనాథ్ ఏదో ఆఫీసులో ఫైళ్ల మధ్య నుంచి ఆయన్ని వెతికి తెచ్చి నటుణ్ణి చేశాడేమో అనిపిస్తుంది. కానీ సోమయాజులు అప్పటికే రంగస్థలం మీద ఏళ్ల తరబడి ఆరితేరిన రామప్పంతులు.

'కన్యాశుల్కం' చదివినవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. రామప్పంతులంటే ఎవరు? కోర్టు వ్యవహారాలు, తగాదాలు, గొప్పలు. ఊరందర్నీ ఆడిస్తున్నాననుకుంటాడు, మధురవాణి చేతిలో తనే ఆడతాడు. పెళ్లికని ఆమె ఇచ్చిన కంటె పోయాక, అది తెచ్చేదాకా గుమ్మం తొక్కొద్దంటే ఇంటింటికీ తిరుగుతాడు. మొదటి అంకంలోనే మంచం కింద దాక్కుంటాడు. గిరీశం కూడా అక్కడికే దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ మాత్రం పంతులికే తగులుతుంది. ఇంకో తమాషా ఏంటంటే, సోమయాజులు రామప్పంతులైతే గిరీశం ఆయన సొంత తమ్ముడు రమణమూర్తి. విజయనగరంలోనే 1892లో మొదటిసారి ఆడిన ఈ నాటకాన్ని ఆ అన్నదమ్ములు ఊరూరా ఆడారు.

మరి ఈ మనిషి శంకరశాస్త్రి ఎలా అయ్యాడు? పాత్ర మారగానే నటుడూ మారిపోయాడని చెప్పుకోవడం తేలిక. నాకైతే రామప్పంతులే ఆ పాత్రకి సాయపడ్డాడనిపిస్తుంది. శంకరశాస్త్రి పాడేవాడు, సోమయాజులు కాదు. ఆ గొంతు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంది, ఆ పాటలకి జాతీయ అవార్డు అందుకున్నదీ ఆయనే. తెర మీద ఉన్న మనిషి వేరేవాళ్ల ఊపిరిని తన ఛాతీలోకి తెచ్చుకోవాలి. మెడ నరాలు, తాళం వేసే చెయ్యి, గమకం దగ్గర కనుబొమ్మ, అన్నీ అబద్ధమే. ఒక్కచోట తడబడ్డా మొత్తం కూలిపోతుంది. తన దగ్గర లేనిదాన్ని నిండా ఉన్నట్టు చూపించడం రామప్పంతులు జీవితమంతా చేసే పని కదా! పంతులు పట్టుబడిపోతాడు. శాస్త్రి పట్టుబడడు. తేడా అంతే.

ఇంకో సంగతి. నాటకంలో చివరి వరస దాకా వినిపించేలా మాట్లాడ్డానికి అలవాటుపడ్డ గొంతు, ఈ సినిమాలో ఎక్కువసేపు ఊరుకుంటుంది. అందుకే కూతురు స్వరం తప్పినప్పుడు పెట్టే ఆ కేకకి అంత బలం. దాన్ని మనం మిమిక్రీలకీ మీమ్స్‌కీ వాడుకుని అరగదీశాం. అసలు సీన్ మళ్లీ చూడండి, కేక ముందున్న నిశ్శబ్దం వినండి.

ఆ తర్వాత జరిగింది నాకు కొంచెం బాధగానే ఉంటుంది. బాపు 'వంశవృక్షం', 1981లో 'త్యాగయ్య', 1991లో 'ఆదిత్య 369'లో తిమ్మరుసు. ఎక్కువగా పెద్దరికమే, గాంభీర్యమే. పంతుల్లాంటి గడుసు దొంగ పాత్ర ఆయనకి రాసిపెట్టి ఉంటే ఎంత బావుండేది! తమ్ముడు 1957లోనే 'ఎం.ఎల్.ఏ.'తో సినిమాల్లోకొచ్చాడు, కానీ అన్నకి ఒక్క సినిమాతో వచ్చిన పేరు ఆయనకి రాలేదు. ఆ పేరు అన్నకి మాత్రం ఏం సుఖం? సినిమా ఆయనకి ఒక ముఖమిచ్చి, రెండోదాన్ని మన కళ్లకి కనబడకుండా చేసింది.

1955 సినిమాలో సి.ఎస్.ఆర్. వేసిన రామప్పంతుల్ని ఈ రాత్రే ఫోన్లో చూడొచ్చు. ఆయనా రంగస్థలం నుంచి వచ్చినవాడే, ఆ వెకిలి దర్జా అద్భుతం. దాన్ని చూస్తున్నంతసేపూ నేను మాత్రం ఆ మంచం కింద శంకరశాస్త్రి ముఖాన్ని ఊహించుకుంటూ ఉంటాను.