రానివాడి గడప ముందు

చెప్పులు బయట విప్పి, తల కాస్త వంచి లోపలికి రండి. దూలం కిందికి ఉంటుంది. కుడివైపు చూసుకుని అడుగెయ్యండి, అది మగ్గం గుంట. మొన్నటి వానకి అందులో నీళ్లూరాయి. తోడిపోసినా అడుగున చెమ్మ ఆరలేదు, అందుకే ఈ వారం నేత సాగలేదు. సగం నేసిన చీర మీద పాత దుప్పటి కప్పారు. ఆదివారం సాయంత్రాలు ఈ షెడ్డే మా రిహార్సల్ హాలు.

ఏడయింది. కిటికీలోంచి చూస్తే డాబాల మీదుగా గాలిగోపురం కనిపిస్తుంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09లో కట్టించిన గోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. మంగళగిరిలో ఎక్కడ నిలబడినా అది మనల్ని చూస్తూనే ఉంటుంది. “ఏడింటికల్లా అందరూ ఉండాలి” అని గ్రూపులో పొద్దున్నే పెట్టాను. ఐదు బొటనవేళ్లు లేచాయి. ఇప్పుడీ షెడ్డులో ఉన్నది మాత్రం నేను, నా డోలక్, మీరు.

వానాకాలం తోలు వాద్యాలకి పరీక్ష. గాలిలో తేమకి తోలు సడలి శ్రుతి దిగిపోతుంది. అందుకే గంట ముందొచ్చి, డోలక్‌ని బల్బు పక్కన పెట్టి కాస్త వెచ్చబడనిస్తాను. ఫోన్లో తంబుర పెట్టుకుని, బోల్టు అర చుట్టు తిప్పి, వేలితో కొట్టి చూసుకుంటాను. ఇంకా దిగే ఉంది. మళ్లీ అర చుట్టు. ఒకటిన్నర శ్రుతికి ఎక్కింది. ఇంకో గంటకి మళ్లీ దిగుతుంది. కీబోర్డుకి ఈ బాధ లేదు, ఒక మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది. దాని యజమానిని రప్పించే మీట ఒక్కటే ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఏడూ ఇరవైకి గిటార్ తమ్ముడొచ్చాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. గొడుగు పట్టింది గిటార్‌కి, తడిసింది తను.

“ఎవరూ రాలేదా అన్నా?”

“నువ్వొచ్చావుగా. మొదలెడదాం.”

మొదలెట్టాం. వినండి. పల్లవి నడుస్తోంది. పల్లవి అయ్యాక వచ్చే బిట్టు కీబోర్డుది. ఆ చోటు రాగానే తమ్ముడు నోటితోనే “నాననా” అంటాడు. నేను నాలుగు బార్లు లెక్కపెడుతూ ఖాళీని మోస్తాను. చరణం అక్క అందుకోవాలి. అక్క లేదు. చరణం మొత్తం మనసులో పాడుకుంటూ వాయిస్తాం. బయటివాళ్లు వింటే ఇద్దరు పిచ్చివాళ్లు ఏదో కొడుతున్నారనుకుంటారు.

ఏడూ నలభైకి ఫోన్ మోగింది. “బ్రో, స్టార్ట్ చేసెయ్యండి, ఆన్ ది వే.” కీబోర్డు. ‘ఆన్ ది వే’ అంటే ఇంకా మంచం దిగలేదని మా అందరికీ తెలుసు. పాపం, ఐటీలో రాత్రి షిఫ్టు, పగలే వాడికి రాత్రి. ఇంకో మెసేజ్: “డ్యూటీ మారింది తమ్ముడూ, సారీ.” అక్క. ఆస్పత్రిలో నర్సు. ప్యాడ్స్ కుర్రాడు సెల్‌ఫోన్ల షాపులో ఉన్నాడు, ఆదివారమే బేరం ఎక్కువట. మా గాయకుడన్నయ్య దగ్గర్నుంచి రెండు నీలం టిక్కులు తప్ప ఏమీ రాలేదు.

డోలక్ సంచిలో నాదొక నోటుబుక్కుంది. పాటల శ్రుతులు ముందు పేజీల్లో, హాజరు వెనక పేజీల్లో. 11 ఆదివారాలు. ఆరుగురం కలిసినవి రెండు. ఆ రెండిట్లో ఒకటి ఫ్లెక్సీ కోసం ఫొటో దిగిన రోజు.

వినాయక చవితి ఇంకా 24 రోజులు. మూడోనాటి రాత్రి ఒక వీధి పందిట్లో మా ప్రోగ్రాం. 15 పాటలు ఒప్పుకున్నాం, కుదిరినవి నాలుగు. కమిటీవాళ్లిచ్చిన 5,000 అడ్వాన్సు నా దగ్గరే ఉంది. దానికి తోడు నిన్న బెజవాడ నుంచి ఒక ఫోన్. డబ్బులకి వాయించే ఆర్కెస్ట్రా, డోలక్ మనిషి కావాలట. “ఎల్లుండి సాయంత్రంలోపు చెప్పండి” అన్నారు. ఇవాళ మిమ్మల్ని వెంట తీసుకొచ్చింది అందుకే. ఉండాలా, పోవాలా? నా ఒక్కడికీ తెగట్లేదు.

షెడ్డు యజమాని టీ గ్లాసులతో వచ్చాడు. నేను బాబాయ్ అంటాను. మగ్గం మీద నలభై ఏళ్లు, భజన మండలిలో హార్మోనియం మీద అంతకంటే ఎక్కువ. మమ్మల్నిద్దరినీ, గోడకానించిన నాలుగు ఖాళీ కుర్చీల్నీ చూశాడు.

“ఇవాళా ఇంతేనా?”

“పానకాలస్వామి ఊరు కదా బాబాయ్,” అన్నాను నవ్వుదామని. “సగం పుచ్చుకుని సగం వదిలేస్తున్నారు మావాళ్లు.”

మీకు తెలియకపోతే చెబుతాను. కొండమీద నరసింహస్వామికి బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం పోస్తారు. శంఖంతో నోట్లో పోస్తుంటే గుటకలేసిన చప్పుడు వినిపిస్తుంది. చప్పుడాగితే ఇంక పొయ్యరు. మిగిలిన సగం మన ప్రసాదం. బిందెడు తెచ్చినా, చెంబుడు తెచ్చినా సగమేనని నమ్మకం.

బాబాయ్ నవ్వలేదు. “స్వామి లెక్క స్వామిది అబ్బాయ్. ఎవరు తెచ్చినా సగమే. ఎంత మిగులుతుందో కొండెక్కే ముందే తెలుసు. గిన్నె పట్టుకుని మరీ వెళ్తాం. మీవాళ్లు ఎంత వదులుతారో నీకు ముందు తెలుస్తోందా?”

టీ చల్లారిపోతోంది. తాగండి. సగం ఇచ్చేవాడితో పాట కట్టొచ్చు. అక్క రెండు వారాలకోసారే వస్తానంటే ఆమె పాటలు ఆ వారానికే పెట్టుకోవచ్చు. ప్యాడ్స్ లేని రోజున డోలక్‌తో నడిచే పాటలు తీసుకోవచ్చు. వచ్చేదెవరో, రానిదెవరో తెలియని ఆదివారంతోనే ఏమీ చెయ్యలేం.

“మా పొన్నెకల్లు నాజర్ కథ విన్నావా నువ్వు?” అన్నాడు బాబాయ్, గుంట గట్టు మీద కూర్చుంటూ. పొన్నెకల్లు ఈ చుట్టుపక్కలదే. బుర్రకథ షేక్ నాజర్ అక్కడే పుట్టాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. జనానికి గుర్తున్నది ఆయన ఒక్కడి పేరే, కానీ బుర్రకథ ఒక్కడి కళ కాదు. మధ్యలో కథకుడు తంబుర భుజానేసుకుని గజ్జెల కాళ్లతో అడుగేస్తుంటే, అటొకడు, ఇటొకడు గుమ్మెటలతో వంత. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. కథకుడికి గుక్క తిప్పుకునే వీలు దొరికేది వంతలు అందుకున్నప్పుడే. వంత రాకపోతే కథకుడు ఎంతటివాడైనా ఊపిరాడక ఆగిపోవాల్సిందే.

“ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ వాళ్లు ఊరూరా తిరిగి కథలు చెప్పారు. చెప్పాల్సిన సంగతి ఒకటుంది వాళ్లకి. అదే కట్టి ఉంచింది. మిమ్మల్ని కట్టి ఉంచేదేంటి?”

గోడ మీది ఫ్లెక్సీ వైపు చూశాను. ఆరు మొహాలు, వెనకాల మెరుపులు. ఆ మెరుపులు తప్ప ఇంకేం కనిపించలేదు.

నిజానికి పందిరికి ఇప్పుడు ఆరుగురు అక్కర్లేదు. ఫోన్లో ట్రాక్, ఒక స్పీకరు, ఒక మైకు ఉంటే ఒక్కడే కచేరీ చేసేస్తున్నాడు. ట్రాక్ ఆలస్యంగా రాదు, దానికి డ్యూటీ మారదు. మరి మేమెందుకు? పోయిన నెల అక్క ఒక చరణంలో ఊపిరి తప్పింది. ట్రాక్ అయితే ఆమెని వదిలేసి వెళ్లిపోయేది. నేను ఒక ముక్తాయింపు వేసి నాలుగు మాత్రలు ఆగాను. తమ్ముడు ఆ చోట ఒక తీగ సాగదీశాడు. అక్క నవ్వుతూ మళ్లీ అందుకుంది. ఆ నాలుగు మాత్రల కోసమే 11 ఆదివారాలు ఈ గుంట పక్కన కూర్చున్నాననుకుంటా.

“ధనుర్మాసంలో తెల్లవారుజామున నగర సంకీర్తనకి బయల్దేరేవాళ్లం,” బాబాయ్ చెప్పుకుపోతున్నాడు. “ఎవడో ఒకడు ముసుగుతన్ని పడుకునేవాడు. తిట్టేవాళ్లం కాదు. వాడి గడప ముందు ఆగి ఇంకో కీర్తన ఎత్తుకునేవాళ్లం. తలుపు తీసేదాకా కదిలేవాళ్లం కాదు. తీశాక రెండే మాటలు, వస్తానంటాడు, లేదా రాలేనంటాడు. రాలేనంటే దణ్ణం పెట్టి ముందుకి పోయేవాళ్లం. తలుపు తియ్యకుండా మాత్రం ఎవణ్ణీ వదిలింది లేదు.”

గిటార్ తమ్ముడు ఇంతసేపూ తల దించుకుని తీగలు బిగిస్తున్నాడు. ఇప్పుడు తలెత్తాడు. “బీటిల్స్ బ్యాండ్‌లో కూడా ఇలాగే జరిగిందన్నా. 1968 ఆగస్టులో డ్రమ్మర్ రింగో స్టార్ మానేశాడు. తను సరిగా వాయించట్లేదని, మిగతా ముగ్గురూ ఒకటైపోయి తనని బయట పెట్టారని బెంగ. జాన్ లెనన్ దగ్గరికెళ్లి అదే చెప్పాడు. ‘నేను మీ ముగ్గురూ ఒకటనుకుంటున్నానే’ అన్నాడట ఆయన. పాల్ మెకార్ట్నీ దగ్గరికెళ్తే ఆయనదీ అదే మాట. రెండు వారాలయ్యాక తిరిగొస్తే డ్రమ్స్ నిండా పూలు.”

బాబాయ్‌కి బీటిల్స్ ఎవరో తెలీదు. విషయం మాత్రం పట్టేశాడు. “చూశావా, వాడూ గడప గడపకీ వెళ్లాడు.”

తొమ్మిదైంది. డోలక్ శ్రుతి మళ్లీ దిగింది. ఈసారి బోల్టు తిప్పలేదు, సంచిలో పెట్టేశాను. రండి, బండెక్కండి.

గౌతమబుద్ధ రోడ్డులో వాన వెలిసింది. చీరల షాపుల లైట్లు నీళ్ల గుంటల్లో కదులుతున్నాయి. ప్యాడ్స్ కుర్రాడు షట్టర్ సగం దించి, కింద నుంచి వంగి బయటికొస్తున్నాడు. నన్ను చూడగానే మొహం మాడిపోయింది.

“అన్నా, బేరాలు...”

“తిట్టడానికి రాలేదురా. ఒకటే అడుగుతా. వస్తావా, రాలేవా?”

చాలాసేపు తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. “మీరందరూ బాగా వాయిస్తారన్నా. నాకు రెండో పాట గతి ఇప్పటికీ అందట్లేదు. వచ్చి తప్పులు కొట్టేకంటే...” ఆగాడు. “నేను లేకపోయినా మీ ఐదుగురికీ నడుస్తుందనుకున్నా.”

ఆ ఐదుగురిలో ముగ్గురు అక్కడ లేరని వాడికి తెలియదు. వాడి లెక్కలో ప్రతి ఆదివారం షెడ్డు నిండుగానే ఉంది.

అక్కకి ఫోన్ చేశాను. డ్యూటీ మధ్య పది నిమిషాల విరామం. స్పీకర్లో పెడుతున్నాను, మీరూ వినండి. “నిజం చెప్పనా తమ్ముడూ? నాకు పందిరీ వద్దు, ఫ్లెక్సీ వద్దు. వారమంతా రోగుల మూలుగులు వింటాను. ఎప్పుడైనా ఓ సాయంత్రం వచ్చి నాలుగు పాటలు పాడుకుంటే చాలు. మీరంతా ప్రోగ్రాం అంటుంటే కాదనలేకపోయాను.”

కీబోర్డు వాడు లుంగీలో, నిద్రకళ్లతో తలుపు తీశాడు. షిఫ్టు మారేదాకా కుదరదని, సంక్రాంతి తర్వాతైతే మాటిస్తానని తేల్చి చెప్పాడు. వాడి నోట ఇంత స్పష్టమైన మాట వినడం నాకదే మొదలు. గాయకుడన్నయ్య ఇంటి తలుపు తెరుచుకుందిగానీ అన్నయ్య ఇంట్లో లేడు. వేరే ఊళ్లో ప్రోగ్రాంకి వెళ్లాడట. ట్రాక్ మీద పాడటానికి.

బండి ఆపి, గాలిగోపురం ఎదురుగా కాసేపు కూర్చుందాం. ఇన్ని వారాలుగా నేను అడిగిన ప్రశ్నే తప్పు. వీళ్లకి శ్రద్ధ ఉందా లేదా అని అడుగుతూ వచ్చాను. ఒకరికి భయం, ఒకరికి అలసట, ఒకరికి పాట చాలు, ఒకరు ఎప్పుడో వేరే దారి పట్టారు. ఒకే ఫ్లెక్సీ మీద నాలుగు రకాల కోరికలు అచ్చయ్యాయి. చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ ఎవరికి వాళ్లు వెళ్లిపోయారు, ఆ మాట ఎవరూ చెప్పలేదు. రాకపోవడం కూడా వెళ్లిపోవడమే. నేనూ రేపటి నుంచి ఏదో సాకు చెప్పి మానేస్తే నోటుబుక్కులో ఇంకో సున్నా పడుతుంది, అంతే. నేను వెళ్లేది చెప్పి వెళ్లాలి.

ఆ రాత్రే గ్రూపులో రాశాను. పందిరి ప్రోగ్రాం మనవల్ల కాదు, అడ్వాన్సు తిరిగిచ్చేస్తున్నాను, నేను బృందం నుంచి తప్పుకుంటున్నాను, ఎవరిమీదా కోపం లేదు. ఈసారి బొటనవేళ్లు లేవలేదు. తెల్లారేలోపు ఐదు ఫోన్లొచ్చాయి. 11 ఆదివారాల్లో మేం మాట్లాడుకోనివన్నీ ఒక్క రాత్రిలో మాట్లాడుకున్నాం. అయినా నా మాట మార్చుకోలేదు.

మర్నాడు పొద్దున కమిటీ వాళ్లకి 5,000 చేతిలో పెట్టాను. చవితికి ఇంకా 23 రోజులుంది, ఇంకెవర్నైనా చూసుకోవచ్చు. సాయంత్రం బెజవాడకి ఫోన్ చేసి వస్తానన్నాను.

మీరూ ఇలాంటి బృందంలో ఉంటే, అది పాటదైనా, నాటకానిదైనా, భజనదైనా, విడిచిపెట్టే ముందు ఒక్క సాయంత్రం ఖర్చుపెట్టండి. వాట్సాప్‌లో కాదు, రానివాడి గడప ముందు. వస్తానన్నా మంచిదే, రాలేనన్నా మంచిదే. ఆ తర్వాత మీరు ఉన్నా, వెళ్లినా తప్పు లేదు.

ఆ పందిట్లో మూడోనాటి రాత్రి ట్రాక్ కచేరీ జరిగింది. గుంట ఆరింది, మగ్గం మళ్లీ ఆడుతోంది. అక్కకి డ్యూటీ లేని ఆదివారాల్లో షెడ్డులో నాలుగు పాటలు పాడుకుంటుంది, గిటార్ తమ్ముడు వాయిస్తాడు. ప్రోగ్రాం లేని రోజున నేనూ వెళ్తాను. రాలేని వారం ముందే చెబుతాను.