ఓవర్ట్ నోడ్

ఓవర్ట్ నోడ్ వర్చువల్ యంత్రాలను నడిపే సర్వర్ల కోసం, అవసరమైన భాగాలను మాత్రమే కూర్చి రూపొందించిన లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్. 2007లో లైనక్స్ కెర్నల్ 2.6.20లో చేరిన వర్చువలైజేషన్ భాగం కేవీఎం దీనికి ఆధారం. సర్వర్‌ను కేంద్ర నిర్వహణ వ్యవస్థతో కలిపేది వీడీఎస్ఎం అనే సేవ. ఇమేజ్‌ను యూఎస్‌బీ నుంచి గానీ, పీఎక్స్ఈ పద్ధతిలో నెట్‌వర్క్ మీదుగా గానీ బూట్ చేసి ఇన్‌స్టాల్ చేస్తారు.

దీని అసలు బలం అప్‌డేట్ విధానంలో ఉంది. 2016లో వెలువడిన 4.0 వెర్షన్ నుంచి కొత్త ఇమేజ్‌ను పాతదాన్ని చెరపకుండా వేరే ఎల్‌వీఎం థిన్ వాల్యూమ్‌లో, అంటే డిస్క్‌పై విడిగా ఏర్పరచిన తార్కిక విభాగంలో, ఉంచుతారు. కొత్తది విఫలమైతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. ఒకే సర్వర్‌పై అనేక వర్చువల్ యంత్రాలు ఆధారపడే చోట ఇది కీలకం. ఇన్‌స్టాల్ అయ్యాక ‘నోడ్‌సీటీఎల్ చెక్’ ఆదేశం మౌంట్ పాయింట్లు, థిన్ స్టోరేజీ, వీడీఎస్ఎం స్థితిని సరిచూస్తుంది. విడిగా సర్వర్ లేనప్పుడు నెస్టెడ్ వర్చువలైజేషన్‌తో ఇమేజ్‌ను మరో వర్చువల్ యంత్రంలోనే పరీక్షిస్తారు.