ఒకే గది, ఒకే ఈగ, ఒకరికే మానని పుండు

ఢిల్లీ పుండు, బగ్దాద్ పుండు. ఏ ఊళ్లో కనిపిస్తే ఆ ఊరి పేరు పెట్టేశారు. కారణం లీష్మానియా అనే పరాన్నజీవి. ఇసుక ఈగ కుడితే ఒంట్లోకి వస్తుంది. దీని బంధువునే 1903లో లీష్మన్, మద్రాసులో డోనవాన్ వేర్వేరుగా కాలా అజార్ రోగుల్లో చూసి ప్రకటించారు.

సౌదీలోనూ ఈ పుండు ఉంది. ఒకే గదిలో ఇద్దరిని ఈగ కుడితే ఒకరికి కొన్ని నెలల్లో మానిపోవచ్చు, ఇంకొకరికి ముదరొచ్చు. రెండోవాడిని "శుభ్రత లేదు" అనేస్తాం. అది అన్యాయం.

ఎందుకో మా పాయింట్ కుక్‌కి దగ్గర్లోనే కొంత తేలింది. 1997లో మెల్‌బోర్న్ వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమాన్యుయేలా హ్యాండ్‌మన్, సైమన్ ఫూట్ బృందం రెండు జాతుల ఎలుకల్ని పోల్చింది. పరాన్నజీవి ఒకటే. ఒక జాతికి పుండు మానుతుంది, రెండోదానికి మానదు. ఆ తేడా 9, 17 క్రోమోజోముల మీది చోట్లతో ముడిపడి ఉందని తేల్చారు.

సైట్‌లో సిగ్నల్ అందితేనే క్రేన్ లోడ్ ఎత్తుతుంది కదా. ఒంట్లో కూడా ఇంటర్‌ఫెరాన్ గామా అనే సిగ్నల్ అందితేనే కాపలా కణాలు మింగిన పరాన్నజీవిని చంపుతాయి. ఆ సిగ్నల్ బలం పుట్టుకతో కొంత, తిండి, ఆరోగ్యాలతో కొంత మారుతుంది.

అందుకే అన్నలూ, మానని పుండు దాచొద్దు. ఏయే దేశాల్లో పనిచేశారో డాక్టర్‌కి చెప్పండి. మందులున్నాయి.